పడుగుతోపు కోసం కర్నూలుకు

మా వీధుల్లో కొత్త రాజధానిని చూసివచ్చినవాళ్లం నలుగురమే. తక్కినవాళ్లు ఇప్పటికీ నన్ను బావికాడ నిలబెట్టి అడుగుతుంటారు. కర్నూలులో కచేరీలు గుడారాల్లో ఉన్నాయన్నది నిజమేనా, అక్కడివాళ్లు పొద్దున్నే ఏం తింటారు, ఆ పెద్ద ఆఫీసరు మనబోటివాళ్లతో మాట్లాడినాడా అని. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడితే, చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు వినిపిస్తారు కదా అనుకున్నాను. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసిన తర్వాత. మాటలు పొట్టిగా ఉంటే ఏమనుకోవద్దు.

ఎందుకు పోయినామో ముందు చెప్పాలి. కడప ఊరి అంచున, మా మగ్గాల వీధి వెనక, ఒక వేపతోపు ఉంది. సర్కారు భూమి. ఎవరు నాటారో మా అత్తకు కూడా తెలియదు. తెల్లవారుతుండగా ఆ చెట్ల కింద మేము పడుగులు సాచుతాము. చీరకు నిలువుగా పోసే నూలును పడుగు అంటారు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు, చెట్ల వరుస వెంట బారుగా లాగి కట్టి, జొన్నగంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఒక ఇంటి పడుగుకు నాలుగిళ్లవాళ్లు కావాలి. ఎండలో సాచితే గంజి గబుక్కున ఎండిపోయి నూలు పెళుసై తెగుతుంది. నీడలో మెల్లగా ఆరితేనే దారం బలంగా నిలుస్తుంది. మా సీమ ఎండలకు ఆ తోపు లేకపోతే మగ్గాలు చాలా రోజులు మూలన పడతాయి.

ఆ తోపు కొట్టించి లారీల షెడ్డు వేసుకుంటానని ఒక షావుకారు సర్కారును అడిగినాడు. సంగతి తెలిసి వీధంతా ఒక వకీలు దగ్గరికి పోయినాము. ఆయన మా మాటంతా విని ఇట్లా చెప్పాడు.

"పడుగులు ఆరేసుకుంటామంటే అది మీ సొంత పని అంటారు. ఊరికంతా పార్కు కావాలని అడగండి. కర్నూలులో ఇప్పుడు కొత్తగా పార్కు వేసినారు. ఆ మాటంటే చెవిన పెడతారు."

అట్లాగే అర్జీ పెట్టుకున్నాము. కొన్ని నెలలకు, మీలో కొందరు వచ్చి మాట్లాడమని కర్నూలునుంచి కబురు వచ్చింది. పార్కు అనేదానిలో అప్పటివరకు మాలో ఎవరమూ అడుగుపెట్టినవాళ్లం కాము.

కమలాపురం

మా జట్టు నలుగురు. నేను. మా వీధిలో పడుగు సాచేటప్పుడు అందరినీ కేకేసి నిలబెట్టే సుబ్బక్క. పక్క వీధిలో పత్తి ఏకే ఇంటి దూదేకుల మస్తానమ్మ. తోడుకు మా మరిది నారాయణ. మస్తానమ్మకు పడుగులతో పని లేదు. ఆమె మేకలు ఆ తోపులో మేస్తాయి, ఆమె మనవడు ఆ తోపులో ఆడతాడు. "మీ చెట్లు నా చెట్లు కాదా?" అని ఆమే సద్దిమూట కట్టుకొని వచ్చేసింది.

ఆఫీసరుకు ఇద్దామని మా వీధిలో నేసిన ఒక జరీ అంచు పంచె తీసుకొని, తెల్లగుడ్డలో మూట కట్టి, సుబ్బక్క చంకలో పెట్టుకుంది. ఆ మూట గురించి తర్వాత చెబుతాను.

కమలాపురంలో బస్సు ఆగినప్పుడు ఒక రైతు ఇల్లాలు గంపతో ఎక్కి మా పక్కన ఇరుక్కుని కూర్చుంది.

"యాడికి పోతాండారమ్మా ఇంతమంది?"

"కర్నూలుకు," అన్నాను.

"అయ్యో. ఎవురికన్నా ఒంట్లో బాగలేదా?"

"అందరం బాగుండాం. ఒక తోపు కొట్టేస్తామంటాండారు. చెట్లు కాపాడమని అడిగేకి పోతాండాం."

ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసి పకపక నవ్వింది. "వాన కోసం గుడికి పోయేటోళ్లను చూసినా. చెట్ల కోసం రాజధానికి పోయేటోళ్లను ఇప్పుడే చూస్తాండా." తర్వాత నవ్వు ఆపి, "పోండమ్మా, పోవాల్సిందే. మా కళ్లంకాడ ఉన్న ఒక్క చెట్టునూ మా మామ వంటచెరుకని కొట్టించినాడు. ఇప్పుడు నా మొగుడు మధ్యాన్నం బండి కింద దూరి పండుకుంటాండాడు. ఎద్దులు ఆయప్పను చూసి నవ్వుతాండాయి," అన్నది. గంపలోంచి ఉడకబెట్టిన చెనిక్కాయలు తలా ఒక దోసెడు పెట్టింది. దిగేటప్పుడు ఆమె పేరైనా అడగలేదని గుర్తొచ్చింది.

కోయిలకుంట్ల

సుబ్బక్క కూతుర్ని కోయిలకుంట్లలో ఇచ్చినారు. అందుకే చుట్టైనా ఆ దారిన పోయి ఆ రాత్రి అక్కడ ఆగినాము. ఎర్రనేల చూసిన కళ్లకు అక్కడి నల్లరేగడి వింతగా ఉంది. పొలాల్లో చెట్టు కనపడదు, కనుచూపు మేర జొన్న చేలే. కాని ఊళ్లో ప్రతి ఇంటి ముందు ఒక పందిరి ఉంది. జొన్నదంటు కప్పి దానికిందే పగలంతా బతుకుతారు. చెట్టు లేనిచోట మనిషి ఇట్లా నీడ కట్టుకుంటాడన్నమాట.

మన ఇండ్లలో సంగటిముద్ద చేస్తే వాళ్లు జొన్నరొట్టె చేస్తారు. రొట్టె చేటంత వెడల్పు. చేత్తో తట్టే చప్పుడు వీధంతా వినిపిస్తుంది. చెనిక్కాయల ఊరిబిండి, అదే రోటిపచ్చడి, మనదానికన్నా కారం. మస్తానమ్మ నీళ్లు తాగుతూనే మూడో రొట్టె అడిగింది.

సుబ్బక్క అల్లుడు వేళాకోళం మనిషి. భోజనాలకాడ మొదలుపెట్టాడు. "అత్తా, పార్కంటే ఏందనుకున్యావు? దొరలూ దొరసానులూ సాయంత్రం చేతికర్ర పట్టుకొని తిరిగే చోటు. నువ్వు ఏం తిరుగుతావు ఆడ?"

"మేము తెల్లారి తిరుగుతాంలే నాయనా, కుంచె పట్టుకొని," అన్నది సుబ్బక్క.

అందరం నవ్వినాము. అల్లుడి మాటలో ఎంత నిజముందో అప్పుడు మాకు తెలియదు.

బేతంచెర్ల స్టేషను

మరునాడు నంద్యాల వరకు బస్సు, అక్కడినుంచి రైలు. మస్తానమ్మకు రైలెక్కడం అదే మొదలు. కూత వేసినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బేతంచెర్లలో బండి చాలాసేపు నిలబడింది. ఆ ఊరంతా రాయే. నేలలో పొరలుపొరలుగా ఉన్న రాతిని బండలుగా తీసి, నీళ్లు పోసి అరగదీసి, ఇండ్లలో పరవడానికి దూరదేశాలకు పంపుతారు. స్టేషను పక్కన ఆ బండలు పేర్చి ఉన్నాయి. అప్పుడే కడిగినట్టు నున్నగా మెరుస్తున్నాయి. దాహమై దిగి, నీళ్లు తాగి, ఆ బండలమీద చల్లగా ఉందని కూర్చున్నాము. సుబ్బక్క మూటను పక్కన కింద పెట్టింది.

బండలు మోసే ఒకాయన కేక వేశాడు. "ఓ యమ్మా, మూట! మూట తీయండి, అది రాతి బురద!"

అరగదీసిన రాతినీళ్లు అక్కడ గుంటలో నిలిచి ఉన్నాయి. మూట సగం మునిగింది. బూడిద రంగు బురద పంచె అంచుదాకా పట్టింది. సుబ్బక్క గబుక్కున మూట పైకి లాగింది. ఆయన దగ్గరికి వచ్చి చూసి, "భయపడకండమ్మా, మరక పట్టదు. ఆరనీకుండా మంచినీళ్లలో జాడిస్తే పోతాది. నా పంచె చూడండి, రోజూ ఇదే కదా," అన్నాడు. ఆయన పంచె ఏ రంగుదో చెప్పడం కష్టంగా ఉంది. అందుకని మాకు ధైర్యం రాలేదు. తడిగుడ్డ చుట్టి కర్నూలుదాకా ఆరనీకుండా తెచ్చినాము.

కర్నూలు

కర్నూలును చూస్తే పెండ్లివారు దిగిన ఇల్లు గుర్తొచ్చింది. ఎక్కడ చూసినా గుడారాలు, కొత్త తడకలు, కాగితాల కట్టలు మోసుకొని పరుగెత్తే మనుషులు. కోస్తా జిల్లాలనుంచి వచ్చిన గుమస్తాల కుటుంబాలు దొరికిన చోటల్లా కాపురం పెట్టినాయి. దుమ్ము మాత్రం మన కడప దుమ్మే.

సత్రంలో చోటు దొరికింది. పొద్దున్నే సత్రం ముందు ఒకామె ఉగ్గాని అమ్ముతోంది. బొరుగులను నీళ్లలో తడిపి తాళింపు వేస్తారు, పక్కన మిరపకాయ బజ్జీ పెడతారు. మన ఇండ్లలో బొరుగులు పిల్లల చిరుతిండి. అక్కడ అదే పొద్దుటి కూడు. ధర అడిగి నారాయణ ముఖం చిట్లించాడు.

"మాపైన కోపం వద్దప్పా," అన్నదామె. "రాజధాని వచ్చినంక చింతపండు కూడా రాజుల ధర పలుకుతాండాది. ఆ కోస్తా అయ్యోర్లు తిని కారం కారం అని ఏడుస్తారు, మళ్లా రేప్పొద్దున మొదట వాళ్లే నిలబడతారు."

పార్కు

ఆఫీసరును చూడవలసింది ఆ మరునాడు. ఆ రోజు మాకు పని లేదు. ముందు పంచె ఉతకాలి, తర్వాత పార్కు చూడాలి అనుకున్నాము. రెండూ ఒకేసారి అయినాయి.

పార్కు సత్రానికి దగ్గరే. చుట్టూ ఇనుప కంచె, లోపల మెత్తటి గడ్డి, బారుగా లేతచెట్లు, నడుమ కొన్ని ముసలి చెట్లు. తలుపు తీసే ఉంది. లోపల ఒక మూల కొళాయి కూడా కనిపించింది. సుబ్బక్క పంచెను జాడించింది. ఆ రాయి మోసే ఆయన చెప్పింది నిజమే, బురద చుక్క మిగలకుండా పోయింది. ఇక ఆరేయాలి. రెండు ముసలి చెట్లు సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి. సుబ్బక్క కళ్లు వాటిమీద పడ్డాయి. నేనూ చూశాను. పంచె ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకొని, మూటకట్టిన గుడ్డ చించి తాళ్లుగా పేని, చెట్టుకూ చెట్టుకూ నడుమ ముడతలేకుండా లాగి కట్టేశాము. అలవాటు కొద్దీ సుబ్బక్క అరచేత్తో దువ్వడం కూడా మొదలుపెట్టింది.

కావిడితో నీళ్లు మోసుకొస్తున్న ముసలి తోటమాలి మమ్మల్ని చూసి కావిడి అక్కడే దించేశాడు. గడ్డం నెరిసిన సాయిబు.

"అరే! ఎవరమ్మా మీరు? తీయండి, జల్దీ తీయండి! ఇది పార్కు. మీ ఇంటి పెరడనుకున్యారా?"

"చెట్లుండాయి కదప్పా," అన్నది సుబ్బక్క తొణకకుండా. "చెట్ల నడుమ గుడ్డ సాచకుంటే ఇంకేం సాచాల?"

"బోర్డు చూడలేదా?"

"చూసినా. పచ్చగా బాగుండాది."

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. నేను బోర్డు దగ్గరికి పోయి కూడబలుక్కుంటూ పైకి చదివాను. సాయంకాలం మాత్రమే ప్రవేశము. పశువులను, మేకలను తీసుకొని రారాదు. గడ్డిపై నడవరాదు. బట్టలు ఆరవేయరాదు. చెట్లకు తాళ్లు కట్టరాదు.

చివరి మాట రెండుసార్లు చదివాను. సుబ్బక్క మెల్లగా వెనక్కి తిరిగి తోటమాలిని అడిగింది.

"తెల్లారి తెరవరా?"

"తెల్లారి ఎవురొస్తారమ్మా? నేనొక్కడినే వస్తా, నీళ్లు పోసేకి. ఇప్పుడు కూడా నీళ్లకని తలుపు తీసినా, అంతే."

"పార్కులన్నీ ఇట్లనే ఉంటాయా?"

"నేను చూసింది ఇదొక్కటే. కానీ పార్కు అన్నంక ఈల పట్టుకొని నాలాంటోడొకడు ఉంటాడు కదమ్మా."

మేము వచ్చిన పని చెప్పినాము. ఆయన కోపం చల్లారిపోయింది. పంచె ఆరేదాకా ఉంచుకోమని తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "ఈ లేతచెట్లకు కాలవనుంచి మోసి పోస్తాండా. కొళాయిలో నీళ్లు గంట కూడా రావు. ఒక్క మేక దూరిందంటే నా కష్టమంతా ఒక పూటలో నమిలేస్తాది. అందుకే ఆ రాతలన్నీ," అన్నాడు.

"మేక నమలకుంటే ఇంకేం చేస్తాది సాబ్, పాట పాడుతాదా?" అన్నది మస్తానమ్మ. ఆయన కూడా నవ్వాడు.

పంచె మడత పెట్టుకొని బయటికి వచ్చి కంచె పక్కన కూర్చున్నాము. మేము చేతులారా అడిగింది ఇదే కదా. ఇనుప కంచె, సాయంత్రం తెరిచే తలుపు.

"ఇదొస్తే ఏం, లారీలొస్తే ఏం?" అన్నది సుబ్బక్క. "కంచె అవతల నిలబడి చెట్లను చూసి ఏడ్చేకంటే కొట్టేసేదే మేలు."

"అట్లనబాక మే," అన్నది మస్తానమ్మ. "లారీలొస్తే నూనె కంపు, దుమ్ము. పార్కొస్తే చెట్లన్నా బతుకుతాయి. నా మనవడు, నీ మనవరాలు నీడన ఆడుకుంటారు. చెట్టు బతికుంటే రేపొకరోజు కంచె తీయించుకోవచ్చు. కొట్టేసిన చెట్టును ఎవురు నిలబెడతారు?"

నారాయణకు ఇంకో భయం. "అర్జీలో పార్కని రాసిచ్చినాం. ఇప్పుడు మాట మార్చితే వీళ్లకే తెల్దు ఏం కావాల్నో అంటారు వదినా. వచ్చిందీ పోతాది."

సుబ్బక్క చాలాసేపు నేలమీద గీతలు గీసింది. "ఉన్నదున్నట్టు చెప్పేస్తా," అన్నది చివరికి. "తిడితే తిట్టించుకుంటా. ఏమీ కాకుంటే, నా కూతుర్ని చూసి పోయేకి వచ్చినాననుకుంటా."

కచేరీ

ఆ కచేరీ నిజంగానే గుడారంలో ఉంది. గాలికి కాగితాలు లేవకుండా బేతంచెర్ల రాతి ముక్కలు పెట్టుకున్నారు. ఆఫీసరు బక్కపలచటి మనిషి, కోస్తా మాట. మమ్మల్ని చూసి లేచి కుర్చీలు తెప్పించాడు. సుబ్బక్క కుర్చీలో కూర్చోలేక అంచున ఆనుకుంది.

"చాలా దూరం నుంచి వచ్చారు. మీ అర్జీ చదివాను. ఊరికి పార్కు అడిగారు, మంచి మాట. చేద్దాం," అన్నాడు.

మేము ఒకరినొకరం చూసుకున్నాము. పని అయిపోయింది. దండం పెట్టి వచ్చేయవచ్చు.

"పార్కు కావాల సామీ," అన్నది సుబ్బక్క. "కానీ నిన్న మీ పార్కు చూసినాం. అట్లాంటిది వద్దు."

"ఏం? బాగాలేదా?"

"శానా బాగుండాది. అందుకే వద్దు."

ఆయనకు అర్థం కాలేదు. సుబ్బక్క మాటలతో చెప్పబోయి తడబడి, "పట్టుకోండి మే," అంటూ పంచె విప్పి ఒక కొస నాకూ, ఒక కొస మస్తానమ్మకూ ఇచ్చింది. గుడారం ఈ గుంజనుంచి ఆ గుంజదాకా లాగి నిలబడ్డాము. సుబ్బక్క గంజి పోస్తున్నట్టు, కుంచె లాగుతున్నట్టు, వెనక్కూ ముందుకూ నడుస్తూ పడుగు పనంతా చేసి చూపించింది. "ఓబులమ్మా, వదులైంది, బిగించు!" అని మధ్యలో నన్ను కసిరింది కూడా. గుమస్తాలు కలాలు పెట్టి చూస్తున్నారు. నారాయణ సిగ్గుతో గుడారం పైకప్పు చూస్తున్నాడు.

ఆఫీసరు నవ్వలేదు. అంతా చూసి, "ఇది ఏ వేళ చేస్తారు?" అని అడిగాడు.

"కోడి కూసినంక మొదలుపెడితే పొద్దు బారెడెక్కేసరికి అయిపోతాది. తర్వాత తోపు ఊరిదే సామీ. ఎవురైనా రావొచ్చు, తిరగొచ్చు. మేము వద్దనం."

ఆయన ఒక్కొక్కటే నిదానంగా చెప్పాడు. సర్కారు భూమిని ఎవరి సొంత పనికీ ఇవ్వడానికి తనకు అధికారం లేదు. పార్కుగా ఉంచమని రాయగలడు. అందులో ఏ వేళ ఎవరు ఏం చేసుకోవచ్చునో ఊరి అలవాటును బట్టి పెట్టుకోమని, తెల్లవారుజామున పడుగు పనికి అడ్డు చెప్పవద్దని కూడా రాస్తాడు. మగ్గాల వీధివైపు తలుపు పెట్టకుండా తెరిచే ఉంచుతారు.

"కాని రోడ్డువైపునా, రెండు చివరలా కంచె తప్పదమ్మా," అన్నాడు. "ముసలి చెట్ల మధ్య కొత్త మొక్కలు నాటాలి. లేకపోతే పార్కు అని నేను ఏం చూపించను? మొక్కలు నాటితే మాత్రం, మేకలు లోపలికి రాకూడదు. ఆ మాట మీరు ఒప్పుకోవాలి."

సుబ్బక్క ఠక్కున ఒప్పుకోబోయి ఆగిపోయింది. మేమందరం మస్తానమ్మ వైపు చూసినాము. ఆమె ఇంకా పంచె కొస పట్టుకునే ఉంది. ఇంట్లో పత్తి పని తగ్గినప్పటినుంచి ఆ మేకల పాలే ఆమెకు ఆధారం. తోపు పోతే మేకలకు మేత పోతుందని వచ్చిన మనిషి.

"మేకలు ఎవరివి?" అన్నాడు ఆఫీసరు, మా చూపులు గమనించి.

"నావే సామీ," అన్నది మస్తానమ్మ. పంచె కొసను జాగ్రత్తగా మడిచింది. "రాయండి. మేకలకు నేను చెప్పుకుంటాలే."

గుమస్తాలు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. పంచె ఇవ్వబోతే తీసుకోకూడదన్నాడు. కాని అంచును చేత్తో తడిమి, చాలా బాగా నేశారని చెప్పి తిరిగి ఇచ్చాడు.

తిరుగు దారిలో రైల్లో సుబ్బక్క కిటికీ పక్క చోటు మస్తానమ్మకు ఇచ్చింది. బేతంచెర్ల వచ్చినప్పుడు ఎవరమూ దిగలేదు.

మళ్లీ కడప

ఎండాకాలం ముగిసేలోపే కొలిచే మనిషి గొలుసు పట్టుకొని మా తోపుకు వచ్చాడు. కంచె రాళ్లు ఎక్కడ నాటాలో గుర్తులు పెట్టాలి. ఆయన పొద్దున్నే వచ్చాడు. అప్పటికే సుబ్బక్కవాళ్ల పడుగు ఈ చివరి చెట్టునుంచి ఆ చివరిదాకా సాచి ఉంది. ఆయన కాగితంలో గీత ఆ పడుగు నడుమ నుంచి పోతోంది.

"ఇది ఎంతసేపమ్మా?"

"ఆరేదాకా అప్పా. తడినూలు కదిలిస్తే తెగుతాది."

ఆయన బీడీ ముట్టించి చెట్టు కింద కూర్చున్నాడు. మేము దువ్వుతున్నాము. ఆయన చూస్తున్నాడు. ఆరిన తర్వాత లేచి, పడుగు కట్టిన చెట్టుకు అవతల, మనిషి చుట్టూ తిరిగి రావడానికి రెండు బారలు వదిలి అక్కడ గుర్తు పెట్టాడు. రెండో చివరా అంతే. కాగితంలో గీత కొట్టేసి కొత్త గీత గీసుకున్నాడు. ఇప్పుడు మా పార్కు పొడవు ఎంతని ఎవరైనా అడిగితే, ఒక పడుగు పొడవని చెబుతున్నాము.

సాయంత్రాలు ఊళ్లోవాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. పిల్లలు ఆడుకుంటున్నారు. నాటిన వాటిలో చాలా మొక్కలు ఆకు వేసినాయి. మస్తానమ్మ మేకలను రోజూ దూరంగా వంక ఒడ్డుకు తోలుకుపోతుంది. అక్కడ ముళ్లకంప తప్ప పెద్దగా మేత లేదు. సాయంత్రం వచ్చేటప్పుడు వాటిని కంచె పక్కనుంచి గబగబా నడిపించేస్తుంది.

పడుగు పని అయిపోయాక మిగిలిన గంజి ఇదివరకు పారబోసేవాళ్లం. ఇప్పుడు ఏ ఇంటి పడుగైనా సరే, మిగిలిన గంజి కుండ మేకల కోసం మస్తానమ్మ గడపకు పోతుంది. సుబ్బక్క ఈ మధ్య గంజి కాచేటప్పుడు దోసెడు జొన్నపిండి ఎక్కువ వేస్తోంది. నూలుకు అంత గంజి అక్కర్లేదని నాకు తెలుసు. మా వీధిలో అందరికీ తెలుసు.